డాక్టరమ్మ పెట్టిన ముహూర్తం

దోసెడు జొన్నలను పుట్టెడు చేసి చెప్పే మనిషిని నేను. ముందే ఒప్పుకుంటున్నాను.

కడపలో ఒక లేడీ డాక్టరమ్మ ఉండేది. ఏ ఆడమనిషి వచ్చినా పేరైనా అడక్కముందే, "ముట్టు ఎప్పుడమ్మా?" అనేది. ఆ గొంతుకు వీధిలో జట్కా గుర్రాలు నిలబడిపోయేవి.

మా అక్కకు గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట కూడా పెరిగి, నెలనెలా ముట్టు రోజుల్లో ప్రాణం పోయినంత నొప్పి. ఆపరేషన్ తప్పదన్నారు. అక్క మామగారు కోయిలకుంట్ల నుంచి పంచాంగం చంకన పెట్టుకుని వచ్చాడు.

"శుక్రవారం దివ్యంగా ఉండాదమ్మా."

"నీకు బాగుండాది పెద్దాయనా! ఆ పొద్దుకు నీ కోడలికి ముట్టొస్తాది. లోపలంతా ఉబ్బి, నెత్తురు కారతాంటాది. ముట్టు నిలిచిన ఐదో రోజు పిల్చుకొని రా."

ఆయన వేళ్లు మడిచి లెక్కేశాడు. "ఆ పొద్దు అష్టమి తల్లీ!"

"అష్టమి ఆకాశంలో కదప్పా ఉండేది! నేను కోసేది ఈడ."

మామగారు పంచాంగాన్ని కిటికీలోంచి విసిరేస్తే అది పక్కనే పారే బుగ్గవంకలో పడింది. అష్టమినాడే ఆపరేషన్ జరిగింది. మరుసటి నెల అక్క వసారాలో దూరంగా కూర్చుని, మెలికలు తిరగకుండా, మమ్మల్నందరినీ వెక్కిరిస్తూ మూడు రోజులూ గడిపింది.

పంచాంగం విసరడం ఒక్కటే నా కల్పన. నిజానికి ఆయన డాక్టరమ్మ దగ్గర పెన్సిలు అడిగి తీసుకుని, అష్టమి పక్కన "కోడలికి మంచిరోజు" అని రాసుకున్నాడు.