ముఖం చూసి మాట్లాడే ఇల్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఆయనకు తెలుసు, మా ఎదురింటి వాళ్లకు తెలుసు, డిండోలి బడిలో నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న పిల్లలకైతే మరీ బాగా తెలుసు. ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, ఇప్పుడు చెప్పబోయే దాంట్లో గొప్పతనమంతా పదకొండేళ్ల అమ్మాయిది. నా వాటాకు వచ్చింది కోపమూ, కాస్త తెలివితక్కువతనమూ.

మా ఆయన హజీరా వైపు ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. మేముండేది ఇచ్ఛాపూర్ దాటాక. పెళ్లికి ముందు గుంటూరులో టీచరుగా చేసిన అలవాటు ఊరుకోనివ్వక, ఆ గుజరాతీ నగరంలో ఈ చివర నుంచి ఆ చివరకు రెండు ఆటోలు మారి, డిండోలిలో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడికి వెళ్లేదాన్ని. అక్కడ సగం మంది మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ వాళ్ల పిల్లలు. మరమగ్గాన్ని వాళ్లు సాంచ అంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కొట్టు దగ్గర గుజరాతీ మాట్లాడే ఆ పిల్లలకు ఇంగ్లీషు నాలుగోది. బడి కాగితాల్లో మాత్రం దాన్ని రెండో భాష అని రాసేవాళ్లు. అది చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది.

నా పని ఇంగ్లీషులో వెనకబడ్డ పిల్లల్ని చివరి గంటలో స్టోర్ రూమ్ పక్క గదిలో కూర్చోబెట్టి, తరగతిలో జరిగిన పాఠాన్ని మళ్లీ చెప్పడం. పన్నెండు మంది ఉండేవాళ్లు. అందులో ఈ అమ్మాయి ఒకతి. ఐదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, తండ్రి పట్టుబట్టడంతో ఆరో తరగతిలో ఇక్కడికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో ఉండేది. ప్రశ్న అడిగితే వెంటనే లేచి నిలబడేది. పెదవులు కదిలేవి. గొంతు మాత్రం బయటికి వచ్చేది కాదు.

"గట్టిగా చెప్పు" అనేదాన్ని. పెదవులు మళ్లీ కదిలేవి. "నాకు వినబడటం లేదమ్మా, కూర్చో" అని నా పుస్తకంలో ఆమె పేరు పక్కన సున్నా పెట్టేదాన్ని. అలా ఎన్ని సున్నాలు పెట్టానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. మిగతా టీచర్లు మొండిపిల్ల అన్నారు. నేనూ అన్నాను.

మా ప్రిన్సిపల్ గుజరాతీ ఆవిడ. చెడ్డ మనిషి కాదు గానీ, మాటంటే మాటే. ఆ అమ్మాయిని ఒక షరతు మీద చేర్చుకున్నారు. దీపావళి సెలవులకు ముందు ప్రిన్సిపల్ గదిలో ఇంగ్లీషు పేజీ ఒకటి పైకి చదివి, అడిగినవాటికి నోటితో జవాబు చెప్పాలి. లేకపోతే నాలుగో తరగతిలో కూర్చోవాలి. ఈ సంగతి నేను వరండాలో ఆ పిల్లతో చెప్పినప్పుడు తల దించుకుని వింది. తెలుగులో మాట్లాడేటప్పుడు గొంతు బాగానే వచ్చేది ఆమెకు.

"నాలుగుల చిన్న పోరగాండ్లతోని కూసోను మేడం. గట్ల జేస్తే నేను బడికే రాను" అంది. ఏడవలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. నాకు అప్పుడు భయం వేసింది.

భయం వేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కోపంలోనే ఒకరోజు బడి వదిలాక తండ్రితో నాలుగు మాటలు ఆడి వద్దామని ఆయన పనిచేసే కార్ఖానాకు వెళ్లాను. బడికి మూడు వీధుల అవతల. లోపల అడుగు పెట్టగానే మాట్లాడదామనుకున్నవన్నీ మరిచిపోయాను. వరసగా సాంచలు, అన్నీ ఒక్కసారే కొట్టుకుంటున్నాయి. ఆ మోత చెవుల్లోంచి పళ్లలోకి దిగింది. గుమ్మం దగ్గరున్న మనిషికి ఆ అమ్మాయి పేరు చెప్పి, వాళ్ల నాన్న ఎక్కడని అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. ఆయన మాత్రం నా నోరు చూసి, లోపలి వరస వైపు చెయ్యి చూపించాడు.

అక్కడ ఆ అమ్మాయి నిలబడి ఉంది, తండ్రికి తెచ్చిన అన్నం డబ్బా పక్కన పెట్టుకుని. తండ్రి రెండు సాంచల అవతల తెగిన పోగు ముడేస్తున్నాడు. తల మీదంతా దూది నూగు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. నోళ్లు కదులుతున్నాయి, కళ్లు ఒకరి ముఖం మీద ఒకరికి ఉన్నాయి, గొంతులతో మాత్రం పని లేదు. ఆ పిల్ల ముక్కు దగ్గర చెయ్యి పెట్టి తొండంలా ఊపింది. తర్వాత టేపు పట్టి కొలుస్తున్నట్టు రెండు చేతులూ బార్లా చాపింది. ఇంకా చాపింది. చాలక, వెనక్కి నాలుగడుగులు వేసింది. తండ్రి పని ఆపకుండానే భుజాలు ఎగిరిపడేలా నవ్వాడు.

అది ఆ రోజు నేను చెప్పిన పాఠం. ఏనుగుకు కోటు కుట్టడానికి ఒప్పుకుని, కొలతలు తీసుకోలేక తంటాలు పడ్డ దర్జీ కథ. ఇందాక చివరి గంటలో దాని మీద అడిగిన ఐదు ప్రశ్నలకూ ఈ అమ్మాయి పెదవులు కదిపింది, నేను ఐదు సున్నాలు పెట్టాను. ఇప్పుడు చూస్తే కథలో ఒక్క ముక్క కూడా వదలకుండా తండ్రికి అప్పజెప్తోంది. మధ్యమధ్య పెదవులతో ఒక ఇంగ్లీషు మాట అని, దాన్నే విడమరిచి, మళ్లీ తెలుగులో చెప్తోంది. చూస్తూ చూస్తూ నేనూ ఆ పెదవుల మీద 'ఎలిఫెంట్' అనే మాట చదవగలిగాను. నా జన్మలో అంత సిగ్గుపడ్డది లేదు.

తండ్రి నన్ను చూసి, పక్క సాంచ ఆయనకు తనవి అప్పజెప్పి, గబగబా బయటికి వచ్చాడు. వీధిలోకి వచ్చాక, తన గొంతు తనకు వినబడనట్టు గట్టిగా మాట్లాడాడు.

"ఏంది మేడం, పిల్ల ఏమన్న గడ్‌బడ్ జేసిందా?"

నేను తల వంచుకుని ఏదో గొణిగాను. ఆయన చేతులు జోడించాడు. "జర మొఖం నా దిక్కు పెట్టి చెప్పుండ్రి మేడం. సాంచల మీద పదిహేనేండ్ల సంది చేస్తున్న, చెవులు మందగించినయి. మొఖం జూస్తె మంచిగ సమజైతది."

తల ఎత్తి, ఆయన ముఖం చూస్తూ, "మీ అమ్మాయికి పాఠం అంతా వచ్చండీ. నాకే తెలియలేదు" అన్నాను. కోప్పడదామని వెళ్లినదాన్ని, అది చెప్పి వచ్చాను.

తిరిగి వస్తుంటే ఆ పిల్ల వీధి చివరి దాకా నా పక్కన నడిచింది. అంత వచ్చినదానివి క్లాసులో గొంతు ఎందుకు విప్పవని అడిగాను. "మా ఇంట్ల మొఖం జూసుకుంట నోట్లనే మాట్లాడుతం మేడం. కొత్త మాట ఫస్టు నోట్లనే అనుకుంట. తప్పయితే ఎవ్వలకు ఇనబడది గద. ఒక్కసారి గట్టిగంటె అందరు నవ్విండ్రు." నాకు కోపం వస్తుందేమోనని చూసుకుంటూ, "మీరు బోర్డు దిక్కు తిరిగి చెప్తరు. అప్పుడు నాకు సగమే సమజైతది" అంది.

ఇరవై ఏళ్ల కిందట బీఎడ్‌లో నాకెవరూ ఇది చెప్పలేదు. చెప్పినా విని ఉండను.

మర్నాటి నుంచి మా గదిలో పద్ధతి మార్చేశాను. బోర్డు మీద ఏం రాయాలన్నా ముందే రాసి పెట్టి, మాట్లాడినంతసేపూ పిల్లల వైపే నిలబడేదాన్ని. కొత్త మాట వస్తే మొదట అందరం గొంతు లేకుండా పెదవులతో అనాలి. తర్వాత గుసగుసగా అనాలి. ఆ తర్వాతే పైకి. పిల్లలు దీనికి సాంచల పాఠం అని పేరు పెట్టుకున్నారు. తప్పన్నా ఎవరికీ వినబడదు కాబట్టి పన్నెండు మందీ ధైర్యంగా తప్పులు అనడం మొదలుపెట్టారు. పెదవులు చూసి మాట చెప్పే ఆటలో ఈ అమ్మాయిని కొట్టేవాళ్లు లేరు. గది ఆ మూల కూర్చున్నవాడు నోట్లో ఏమనుకున్నాడో ఈ మూల నుంచి చెప్పేసేది. ఒకసారి నేను విసుగ్గా నాలో నేను అనుకున్న మాటను కూడా పైకి చెప్పేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వక తప్పలేదు. అది ఇక్కడ రాసే మాట కాదు.

మెల్లగా ఆమె గొంతు బయటికి వచ్చింది. మొదట గుసగుస, తర్వాత మామూలు గొంతు. కానీ అదంతా మా పన్నెండు మంది మధ్య. గుమ్మంలో కొత్త మనిషి కనబడితే చాలు, మళ్లీ పెదవులే.

పరీక్ష రోజున ప్రిన్సిపల్ గదిలో నన్ను ఒక పక్కన కూర్చోమన్నారు, జవాబులు అందివ్వకూడదని ముందే హెచ్చరించి. తండ్రి సాంచలు ఎవరికో అప్పజెప్పి, జుట్టులో నూగుతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అమ్మాయి పుస్తకం తెరిచింది. ప్రిన్సిపల్ కళ్లద్దాలు సర్దుకుని, మార్కుల కాగితం మీదికి వంగి, పెన్ను పట్టుకుని, "బోలో బేటా" అన్నారు.

పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. మొదటి వాక్యం అయిపోయింది, రెండోదీ అయిపోయింది, ఒక్క తప్పు లేదు. అది నాకు తెలుసు, గుమ్మంలో ఉన్న తండ్రికి తెలుసు. కాగితం చూస్తున్న ప్రిన్సిపల్‌కు మాత్రం తెలియదు. "బోలో, బోలో" అన్నారు తల ఎత్తకుండానే. నేను కూడా అలాగే తల వంచుకుని సున్నాలు పెట్టినదాన్నే కదా. లేచి అరుద్దామనిపించి, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. పెన్ను కాగితానికి తగలబోతోంది.

అమ్మాయి పుస్తకం మూసింది. అంతే, అయిపోయింది, నాలుగో తరగతే అనుకున్నాను.

"మేడం, ప్లీజ్ సీ మై ఫేస్" అంది, పైకి, గదంతా వినబడేలా. "ఇన్ మై హౌస్, వీ సీ ఫేస్ అండ్ టాక్."

ఆ మాటలు ఏ పాఠంలోనూ లేవు. నేను నేర్పలేదు. కావలసి వచ్చి, తనే కూర్చుకుని అంది.

ప్రిన్సిపల్ తల ఎత్తారు. ఆ పిల్లను కాసేపు చూసి, కళ్లద్దాలు తీసి, పెన్ను మూత పెట్టి, కుర్చీ తిప్పుకుని ఎదురుగా కూర్చున్నారు. అమ్మాయి మళ్లీ పుస్తకం తెరిచి మొదటి నుంచి చదివింది. గొంతు మొదట్లో వణికింది గానీ ఆగలేదు. ఐదు ప్రశ్నలకూ జవాబు చెప్పింది. ఒక్కో జవాబు అయ్యాక గుమ్మం వైపు తిరిగి, అదే జవాబు తెలుగులో, గొంతు లేకుండా తండ్రికి చెప్పింది. ఆయన ప్రతిదానికీ తల ఊపాడు.

అంతా అయ్యాక ప్రిన్సిపల్ నా వైపు చూడలేదు, అమ్మాయి వైపూ చూడలేదు. లేచి, టేబులు చుట్టూ నడిచి, తండ్రికి ఎదురుగా నిలబడ్డారు. ముఖం నేరుగా ఆయన వైపు పెట్టి, గొంతు లేకుండా, పెదవులతో మెల్లగా ఒక్క మాట అన్నారు. 'పాస్' అని.

ఆ మనిషి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. పెట్టి, సాంచల మధ్య పదిహేనేళ్లు పని లేకుండా ఉన్న గొంతుతో, పక్క తరగతి పిల్లలంతా వరండాలోకి పరుగెత్తుకొచ్చేలా అరిచాడు.

"ఇనబడ్డది మేడం! మంచిగ ఇనబడ్డది!"