నైరుతి మూల బీరువా మీద రౌటరు

మీ ఇంట్లో రౌటరు ఎక్కడుంది? అక్కడే ఎందుకుంది?

మొదటి ప్రశ్నకు వేలు పెట్టి చూపిస్తారు. రెండోదానికి నసుగుతారు. ప్లగ్గు అక్కడుంది కాబట్టి, తీగ అక్కడిదాకా వచ్చింది కాబట్టి, పెద్దవాళ్ళెవరో అక్కడ పెట్టమన్నారు కాబట్టి అంటారు. ఇవి సాకులు, కారణాలు కావు. నేనింత గట్టిగా అంటున్నానంటే ఒకప్పుడు నా దగ్గరా కారణం లేదు. ఆ సంగతి ఒప్పుకునేసరికి నాకు మూడు రోజులు, మా వదినకు ఇద్దరు శిష్యురాళ్ళు ఖర్చయ్యారు.

అన్నయ్యా వదినా ఉండేది జగ్గయ్యపేటలో. నేను నందిగామలో. వదిన ఇరవై ఏళ్ళు ఒక చీరల దుకాణంలో మగ్గం పని చేసింది. చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, కొక్కెం సూదితో పూసలూ జరీ కుట్టే పని. ఆమె కుట్టిన జాకెట్లు తొడుక్కుని పీటల మీద కూర్చున్న పెళ్ళికూతుళ్ళకు లెక్కలేదు. కానీ వాళ్ళలో ఒక్కరికీ ఆమె తెలియదు. వాళ్ళకు తెలిసింది దుకాణం పేరు. యాభై దాటాక ఆమెకు ఒక పట్టుదల వచ్చింది. దుకాణం మానేసి సొంతంగా నేర్పుతాను, ఫోనులో వీడియో క్లాసు పెడతాను అంది. పన్నెండు మంది చేరారు. చందర్లపాడు నుంచి ఒక టైలరు, జి.కొండూరు నుంచి అక్కచెల్లెళ్ళు ఇద్దరు, చెవిటికల్లు నుంచి పొద్దున పొలం పనికి వెళ్ళి వచ్చి కూర్చునే ఒకామె, ఇంకా చుట్టుపక్కల వాళ్ళు. వచ్చే ఆదివారం పదకొండింటికి మొదటి క్లాసు.

అంతకు ముందు ఆదివారం ఒకసారి సరిచూసుకుందామని అందరినీ ఫోనులోకి పిలిచింది. మర్నాడు నాకు ఫోను చేసింది.

"వాళ్ళ తెర మీద సూది పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టే నిలబడిపోయానంట. నోరు తెరుచుకునుందంట కూడా. సూది ఎటు తిప్పానో ఒక్కళ్ళకీ కనపడలా" అంది. "ఆదివారం కూడా ఇట్టాగే అయితే ఎవరుంటారు? మళ్ళీ పోయి ఆ దుకాణంలో కూర్చోవడమే" అంది.

ఆ చివరి మాట నవ్వుతూ అనలేదు. నేను మధ్యాహ్నం బస్సు ఎక్కాను.

వాళ్ళింట్లో రౌటరు వంటింట్లో ఉంది. గ్యాసు పొయ్యి పక్కన, ఫ్రిజ్జు వెనక, స్టీలు సామాన్ల స్టాండు కింది అరలో. చుట్టూ బిందెలు, డబ్బాలు, గిన్నెలు. దసరాకి ఆయుధపూజ నాడు పెట్టిన పసుపూ కుంకుమబొట్టూ దాని నెత్తి మీద ఎండి ఉన్నాయి. ఇక్కడెవరు పెట్టమన్నారని అడిగితే వదిన చెప్పింది. ఇల్లు చూడ్డానికి వచ్చిన వాస్తు ఆయన, కరెంటుతో నడిచేదేదైనా అగ్నే కాబట్టి ఆగ్నేయంలో ఉండాలన్నాడట. నైరుతిలో పెడితే ఇంటి యజమానికి కీడు అని కూడా అన్నాడట. ఆ యజమాని పేపరు చదువుకుంటూ కుర్చీలోనే ఉన్నాడు, ఆరోగ్యంగా.

నేను ఊరుకుంటానా? మా నాన్న సంస్కరణ సభల్లో వాదించి వాదించి గొంతు అరగదీసుకున్న మనిషి. మా ఇంట్లో ఎవరు ఏ మాటన్నా, "ఎట్టా తెలుసు?" అని అడిగాకే అన్నం వడ్డించేవారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. రేడియో తరంగాలకు దిక్కులు తెలియవన్నాను. అగ్నిదేవుడికి పాస్‌వర్డు ఎవరిచ్చారన్నాను. వదిన చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ విన్నది.

"సరే, ఆడపడుచు గారూ, ఎక్కడ పెడదామంటారు?" అంది.

నైరుతిలో అన్నాను.

ఎందుకు నైరుతి? అక్కడ పెట్టకూడదని వాస్తు ఆయన అన్నాడు కాబట్టి. నాకు అంతకుమించిన కారణం అప్పుడు అక్కర్లేకపోయింది. నైరుతి మూల పడగ్గదిలో ఇనప బీరువా ఉంది. ఎందుకుంటుందో మీకు తెలుసు. బరువు నైరుతిలో ఉండాలి కాబట్టి ఈ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా బీరువా అక్కడే ఉంటుంది. రౌటరు ఎత్తులో ఉంటే మంచిదని ఎక్కడో చదివాను. ఆ మాట నిజమే. బిగించినప్పుడు కేబుల్ వాళ్ళు చుట్టచుట్టి వదిలేసిన తీగ ఎలాగూ ఉంది. దాన్ని విప్పి, బీరువా మీదికి రౌటరును ఎక్కించి, చూడ్డానికి బాగోలేదని దాని ముందు పాత ట్రంకు పెట్టె జరిపాను. కిందికి దిగి చేతులు దులుపుకుని, కీడెక్కడుందో చూద్దాం అన్నాను.

మంగళవారం సాయంత్రం వదిన మళ్ళీ అందరినీ పిలిచింది. మగ్గం వీధి గదిలో, వెలుతురు కోసం కిటికీ పక్కన ఉంటుంది. ఈసారి బొమ్మ నిలబడలేదు, అసలు రాలేదు. వచ్చినప్పుడు గళ్ళు గళ్ళుగా వచ్చింది. చెవిటికల్లు ఆమె, "మేడం, మీ చెయ్యొక్కటే కనపడతంది, అది కూడా ముక్కలుగా" అంది. పది నిమిషాలకు జి.కొండూరు అక్కచెల్లెళ్ళు, మళ్ళీ చెప్తామండీ అని మెసేజీ పెట్టి వెళ్ళిపోయారు. మళ్ళీ చెప్తాం అంటే ఏమిటో చీరల దుకాణంలో పనిచేసిన వాళ్ళెవరికైనా తెలుసు. వదిన మగ్గం మీద గుడ్డ కప్పేసి లోపలికి వెళ్ళింది. పన్నెండు మంది కాస్తా పది మందయ్యారు. ఆదివారం ఇంకా రానే లేదు.

నేను నింద వేయడానికి మనిషిని వెతికాను. నెట్ కంపెనీ దొరికింది. ఫిర్యాదు పెట్టాను. గట్టిగానే పెట్టాను.

బుధవారం పొద్దున లైనుమేన్ వచ్చాడు. కోదాడ వైపు మనిషి, నడివయసు, చొక్కా జేబులో టెస్టరూ రెండు పెన్నులూ. నేను వినియోగదారుల హక్కుల మీద మాట్లాడుతున్నంతసేపూ వింటూ స్టూలు ఎక్కి, ట్రంకు పెట్టె వెనక్కి తొంగిచూశాడు. ఎర్ర లైటు వెలగట్లేదు కాబట్టి తీగ తెగలేదని చెప్పాడు. అన్నయ్య లాప్‌టాప్ అడిగి తీసుకుని రౌటరుకు పొట్టి తీగతో కలిపి వీడియో పెట్టాడు. కొండవాగులా ఆగకుండా పారింది. తీగ పీకేసి, అదే లాప్‌టాప్ వీధి గదిలోకి తీసుకుపోయి పెట్టాడు. గుండ్రంగా చక్రం తిరగడం మొదలైంది.

"నెట్ మీ ఇంట్ల దాకా మంచిగనే వస్తుందమ్మా. ఈ డబ్బా దాకా తీగల వస్తది, ఆడికెళ్ళి గాలిల పోతది. తీగల లోపం లేదు. గాలికే అడ్డం పెట్టిన్రు" అని, బీరువాను వేలి కణుపుతో టకటక కొట్టాడు. "ఇనుము దాటుడు దానికి కష్టం. ఈడ ఎవరు పెట్టమన్నరు, వాస్తు ఆయనా?"

అన్నయ్య పేపరు దించలేదు. "కాదు. ఆయన మీద పోటీకి మా చెల్లెలు" అన్నాడు.

లైనుమేన్ మర్యాదస్తుడు, మొహం గోడవైపు తిప్పుకుని నవ్వాడు. వదిన తిప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

నాకు మండింది, నిజమే. కానీ మంట చల్లారాక చూసుకుంటే, వాస్తు ఆయనా నేనూ చేసింది ఒకటే పని. ఆయన దిక్కు చూసి పెట్టమన్నాడు. నేను ఆయన చూపిన దిక్కుకు వీపు పెట్టి పెట్టాను. ఇద్దరం ఇల్లు చూడలేదు. గిన్నెల మధ్య నుంచి తీసి ఇనప బీరువా చాటున పెట్టి దాన్ని హేతువాదం అనుకున్నాను. మూఢనమ్మకానికి ఎదురు తిరిగి నిలబడితే చాలదు. అలా నిలబడినవాడు కూడా దాని చుట్టూ తిరుగుతున్నవాడే. నాన్న అడిగిన ప్రశ్న, "ఎట్టా తెలుసు?" అన్నది, నన్ను నేను ఒక్కసారీ అడుక్కోలేదు.

లైనుమేన్ వెళ్ళాక అన్నది వదినే. "నువ్వు ఎదురు పెట్టావు గానీ, కొలిచి పెట్టలేదుగా. జాకెట్టు కూడా కొలవకుండా కుట్టం."

ఆమె డిజైన్లు గీసుకునే పల్చటి కాగితం తెచ్చింది. సూదితో బెజ్జాలు పొడిచి గుడ్డ మీదికి దింపే కాగితం అది. దాని మీద ఇల్లు గీసింది. గోడలు, తలుపులు, బీరువా, ఫ్రిజ్జు, మగ్గం. ఫోనులో వేగం చూపించే సైటు ఒకటి తెరిచాం. రౌటరును ఒకచోట పెట్టడం, మగ్గం దగ్గర నిలబడి వేగం చూడడం, ఆ అంకె కాగితం మీద వేయడం. ఒక్కసారి చూస్తే నమ్మకూడదని, ప్రతిచోటా మూడుసార్లు చూడాలని నేను పట్టుబట్టాను. ఆ మాత్రం గౌరవం నాకు మిగలాలి కదా. బీరువా మీద అంకె ఎంత చిన్నదంటే వదిన దాన్ని కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ట్రంకు పెట్టె ఒక్కటీ తీసేస్తే కొంచెం లేచింది. వంటింట్లో స్టాండు పైన పెడితే ఇంకాస్త లేచింది, ఉన్నట్టుండి కూలింది. రెండోసారీ కూలింది. మేము ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే వంటింట్లోంచి టింగుమని మోగింది. అన్నయ్య మైక్రోవేవ్‌లో టీ వేడి చేసుకుంటున్నాడు. ఆపమన్నాం, అంకె పెరిగింది. మళ్ళీ పెట్టమన్నాం, తగ్గింది. అలా మూడు టీలు తాగించాం.

దానికి కారణం ఉంది. రౌటరు రెండు పాయలుగా మాట్లాడుతుంది. ఒకటి దూరం పోతుంది, కానీ నెమ్మది. మైక్రోవేవ్ అడ్డుతగిలేది దానికే. రెండోది, చాలా ఇళ్ళలో వైఫై పేరు చివర ఐదు అంకె ఉండేది, వేగం ఎక్కువ, మైక్రోవేవ్ జోలికి పోదు, కానీ గోడలు దాటాలంటే నీరసపడుతుంది. వదిన ఫోను మొదటిదాన్ని పట్టుకుని కూర్చుంది. రెండోది అందాలంటే రౌటరు మగ్గానికి దగ్గరగా, తెరిపిగా ఉండాలి. ఫోనును దానికి మార్చి మళ్ళీ కొలిచాం.

కాగితం మీద అంకెలన్నిటిలోకీ పెద్దది నడిమి హాల్లో, వీధి గది గుమ్మం పక్క గూట్లో పడింది. వదిన ఆ చోటు మీద వేలు పెట్టి ఆగింది.

"ఇది బ్రహ్మస్థానం. ఇంటి నడుమ బరువు పెట్టకూడదంటారు" అంది.

నా నోటిదాకా ఉపన్యాసం వచ్చింది. మింగాను. ఆమె రౌటరును అరచేతిలో పెట్టుకుని, పూసల పొట్లం తూచినట్టు పైకీ కిందికీ ఆడించింది.

"దీనికేం బరువుంది" అని తనే గూట్లో పెట్టింది.

ఇక మిగిలింది బొట్టు. తడిగుడ్డ తెచ్చి తుడవబోయాను. చెయ్యి పట్టుకుంది. "కుంకుమ అడ్డమొస్తదా? కొలిచి చెప్పు." కొలిచాను, మూడుసార్లు. మళ్ళీ అదే అంకె, పెద్దదే. గుడ్డ తీసుకెళ్ళి ఆరేశాను. ఆ బొట్టు ఇప్పటికీ ఉంది.

ఆదివారం నేను మళ్ళీ వెళ్ళాను. పదకొండింటికి ముందే వదిన మైక్రోవేవ్ ప్లగ్గు పీకేసింది. ఇప్పుడు అడ్డం రాదు, వేరే పాయలో ఉన్నావు అని చెప్పాను. "ఇవాళ ప్రయోగాలొద్దు" అంది. అన్నయ్య చల్లారిన టీ గ్లాసు పట్టుకుని ఆ తీర్పు విన్నాడు.

తెర మీద ఒక్కొక్క గడి తెరుచుకుంది. తొమ్మిది, పది. క్లాసు మొదలైన కాసేపటికి పదకొండోది వచ్చింది, జి.కొండూరు అక్కచెల్లెళ్ళలో చిన్నది. అక్క రానంది, నేను చూసిపోదామని వచ్చానండీ అంది. చూసిపోలేదు, చివరిదాకా ఉంది. వదిన ఫోనును మగ్గం మీదికి వంచి గొలుసు కుట్టు చూపించింది. సూది గుడ్డలోకి దిగింది, దారం పట్టుకుని పైకొచ్చింది, మళ్ళీ దిగింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. నేను హాల్లో గూటి కింద నిలబడి రౌటరు లైట్లను కాపలా కాస్తున్నాను. చెవిటికల్లు ఆమె గొంతు వినపడింది.

"మేడం, చూడండి, వచ్చిందా?"

వదిన కళ్ళజోడు సవరించుకుని తెరకు దగ్గరగా వంగింది. "వచ్చింది. రెండోది కొంచెం వదులైంది. విప్పి మళ్ళీ కుట్టు" అంది. ఆమె దుకాణంలో పనిచేసిన ఇరవై ఏళ్ళలో ఆమె గొంతు అంత గట్టిగా వినలేదు నేను.

ఇప్పుడు మీరు. ఇది చదవడం ఆపి లేవండి. రౌటరు దగ్గరికి వెళ్ళండి. ఎర్ర లైటు వెలిగితే కంపెనీకి ఫోను చేయండి. వెలగకపోతే ఎవరినీ తిట్టకండి. గిన్నెల చాటు నుంచీ బీరువా మీద నుంచీ టీవీ వెనక నుంచీ దాన్ని బయటికి తీయండి. ఒక కాగితం మీద మీ ఇల్లు గీయండి. నాలుగు చోట్ల పెట్టి, మీరు కూర్చునే చోటే నిలబడి, చోటుకు మూడుసార్లు కొలవండి. పెద్ద అంకె ఎక్కడ పడితే అక్కడ పెట్టండి. అది వాస్తు చెప్పిన చోటైనా సరే, నాలాంటి వాళ్ళు చెప్పిన చోటైనా సరే. కొలవకుండా మాత్రం పెట్టకండి.