చెదలు పట్టిన చెక్కగోడ

మారేడ్‌పల్లిలో మా తాతయ్య కట్టించిన ఇంట్లో హాలు మధ్యగా ఒక చెక్కగోడ ఉండేది. అటు పెదనాన్న కుటుంబం, ఇటు మేము. తాతయ్య పోయినప్పుడు, భూస్థాపనలో ఏ కీర్తన పాడాలన్న దగ్గర పెదనాన్నకీ నాన్నకీ మాట పట్టింపు వచ్చింది. చివరికి రెండు కీర్తనలూ పాడారు. అయినా ఆ తర్వాత వడ్రంగిని పిలిపించి హాలును రెండు ముక్కలు చేయించారు. అప్పటినుంచి అన్నదమ్ములిద్దరూ ఒకే చర్చికి వెళ్ళి, వేర్వేరు బెంచీల మీద కూర్చుని, ఒకే గేటులోంచి ఇంటికి వచ్చేవారు. మాటలు మాత్రం లేవు. అమ్మా పెద్దమ్మా పెరట్లో బట్టలారేస్తూ మామూలుగానే కబుర్లు చెప్పుకునేవారు.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, ఒక వానాకాలం, క్యాలెండరు తగిలించడానికి అమ్మ ఆ చెక్కగోడకు మేకు ఆనించింది. సుత్తితో పని లేకుండానే మేకు లోపలికి వెళ్ళిపోయింది. దాని వెనకే అమ్మ వేలూ వెళ్ళింది.

నాన్న చెదల మందు కొట్టేవాళ్ళకు ఫోన్ చేశారు. మర్నాడు ఇల్లు చూడటానికి ఒకాయన టార్చిలైటు, స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు. స్క్రూడ్రైవరు పిడితో తలుపులూ కిటికీలూ తట్టి, చెవి ఆనించి వింటూ వెళ్ళాడు. చెక్కగోడ దగ్గర చాలాసేపు ఆగాడు.

"సార్, గివి ఆ దిక్కు నుంచి వస్తున్నట్టున్నయి. అటు సుత చూడాలె."

"అది మాది కాదు," అన్నారు నాన్న.

"ఎవరిది సార్?"

"మా అన్నయ్యది."

"అయితే జెర చెప్పండి, వస్తున్నమని."

నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. నేనే మందాయన్ని వరండా మీదుగా అటు తీసుకెళ్ళాను.

రిటైరైన టీచరు కాబట్టి పెదనాన్న విషయమంతా విని, తప్పు దిద్దినట్టు చెప్పారు.

"చెదలు మా వైపు పుట్టే అవకాశం లేదు. ఏటా వార్నిష్ వేయిస్తున్నాను. ఆ మాట వాళ్ళకి చెప్పండి."

మందాయన పాపం వరండా చుట్టి వచ్చి నాన్నకు చెప్పాడు.

"వార్నిష్ చెక్కకి వేస్తారు, చెదలకి కాదని చెప్పండి," అన్నారు నాన్న.

ఆయన మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత మా కుర్చీ లాక్కుని గోడ పక్కనే కూర్చున్నాడు.

"ఏందీ సార్, ఇద్దరికీ ఇనవడ్తనే ఉంది గదా. నడుమ నేనెందుకు పరేషాన్?"

నాకు భయం వేసింది. నాన్న ఆయన్ని పొమ్మంటారనుకున్నాను.

"ఒక్క దిక్కు మందు కొడితే ఇంకో దిక్కు పోతయి," అన్నాడు ఆయనే, రెండు వైపులకూ వినబడేలా. "రెండు దిక్కులా కొట్టాలె. ఈ గోడ పనికి రాదు, తీసేయాలె."

అటునుంచి పెదనాన్న గొంతు వచ్చింది. "ఎప్పుడు తీయాలి?"

"ఆదివారం. చర్చి అయ్యాక," అన్నారు నాన్న. అది మందాయనకు చెప్పారో, అన్నయ్యకు చెప్పారో తెలియలేదు. అమ్మ మాత్రం వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం వడ్రంగి అవసరం పడలేదు. అన్నదమ్ములు చెరోవైపు నిలబడి తోస్తే గోడ పొడిపొడిగా రాలిపోయింది. మా వైపు రంగు, వాళ్ళ వైపు వార్నిష్, మధ్యలో మట్టి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెదనాన్న చీపురు తెచ్చారు, నాన్న చేట పట్టారు. మందాయన వచ్చి రెండు వైపులా కొట్టిన మందు వాసనకు లోపల ఉండలేక ఆ రోజు అందరం వరండాలోనే అన్నాలు తిన్నాం.

నెల తర్వాత మందాయన మరోసారి చూసిపోవడానికి వచ్చాడు.

"కొత్త గోడ కట్టలే?"

"అల్యూమినియం అని నేనంటున్నాను. ప్లైవుడ్డే అంటాడు వీడు," అన్నారు పెదనాన్న. "మాట్లాడుతున్నాం."

ఆ మాటలు కొన్నేళ్ళు నడిచాయి. మందాయన మాత్రం ఆ రోజు వంటింటి గుమ్మం తట్టి చూసి, బాగానే ఉందని చెప్పి, టీ తాగి వెళ్ళాడు.