చల్లారని చోటు

చనిపోయినవాళ్లు తిరిగి వస్తారని నేను ఏనాడూ నమ్మలేదు. ఇది చదువు వల్ల వచ్చిన ధీమా కాదు, మా విశ్వాసం. చిన్నప్పటి నుంచి క్రైస్తవ సంఘంలో పెరిగినవాణ్ణి. పోయినవారు దేవుని చేతిలో ఉంటారు, వారిని పిలవకూడదు, వారి గుర్తుల కోసం వెతకకూడదు అని నేర్చుకున్నాను. ఆదివారం పిల్లలకు నేను చెప్పే పాఠాల్లో ఇదీ ఒకటి. దయ్యం పట్టిందని ఎవరన్నా వస్తే ముందు దవాఖానకు తీసుకుపొమ్మంటాను, తర్వాత ప్రార్థన చేద్దామంటాను.

అందుకే ఇది రాయడానికి చాలాకాలం వెనకాడాను. మా సంఘంలోనే కొందరికి ఇది నచ్చదు. కానీ నా కళ్లతో చూసింది, నా చేతితో తాకింది చూడలేదు, తాకలేదు అనడం కూడా అబద్ధమే అవుతుంది.

జనగామ దాటి వరంగల్ రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో నేను సి.ఎన్.సి. లేతు, అంటే ఇనుమును తిప్పుతూ చెక్కే కంప్యూటర్ మిషన్, నడుపుతాను. మాది చిన్న సామాన్లు చేసే మిషన్ కాదు. లారీలో వచ్చే ఇరుసులు, రోలర్లు, క్రేను లేనిదే కదలని ఇనుము తిప్పుతాం. మిషన్ మీదికెక్కిన దాన్ని జాబు అంటాం. భూపాలపల్లి వైపు గనుల్లో బొగ్గు మోసే బెల్టుల కోసం వచ్చేవే ఎక్కువ. ఈ పని నాకు మా అన్న మల్లేశం నేర్పాడు. అదే మిషన్ మీద ఆయన పగలు, నేను రాత్రి చేసేవాళ్లం. ఇప్పుడు పగటి డ్యూటీ నాది.

అన్న మాట ఒకటి చెప్పకుండా ఈ సంగతి అర్థం కాదు. లావు ఇనుమును తిప్పి పైపొర తీస్తుంటే అది వేడెక్కుతుంది. వేడెక్కితే ఉబ్బుతుంది. కంటికి కనిపించదు, మైక్రోమీటరుకు కనిపిస్తుంది. వేడి మీద కొలిచి, సైజు ఇంకా ఎక్కువుందని చివరి కోత వేస్తే, చల్లారాక జాబు సన్నబడి కూర్చుంటుంది. అన్న కొత్తలో ఒక ఇరుసును అట్లాగే పాడు చేశాడట. బిగుతుగా ఎక్కాల్సిన బేరింగు మర్నాడు చేత్తో తోస్తే జారిపోయిందట. ఆనాటి నుంచి ఆయనకు ఒక అలవాటు. పెద్ద కోత అయిపోగానే మిషన్ ఆపి, జాబు చల్లారేదాకా పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. తర్వాత వచ్చి, పిల్లల నుదురు చూసినట్టు ఇనుము మీద అరచేయి పెట్టేవాడు. ఈ చివర, ఆ చివర, నడుమ.

"జొరం తగ్గింది తమ్మీ, ఇగ కొలువు," అనేవాడు. జొరం ఉందంటే ఓనరు వచ్చి తొందరపెట్టినా కదిలేవాడు కాదు. షెడ్డులో అందరికీ ఆ మాటే అలవాటైంది. వేడి జాబు అంటే జొరం ఉన్న జాబు.

అన్న కుడిచేతికి ఉంగరపు వేలి కొస లేదు. కుర్రతనంలో పాత హ్యాండిల్ లేతు మీద పోయింది.

మా ఇంట్లో అమ్మ, నేను బాప్తిస్మం తీసుకున్నాం. అన్న తీసుకోలేదు. వద్దని ఎప్పుడూ అనలేదు, సరేనని కూడా అనలేదు. ప్రతి ఆదివారం మమ్మల్ని బండి మీద చర్చి దాకా దింపేవాడు. తాను ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుని పాటలు వినేవాడు. లోపలికి రమ్మంటే నవ్వేవాడు.

"నా బట్టలకు నూనె వాసనొస్తది. మీరు పోండి. నాకు ఈడికే ఇనబడ్తది."

ఆ పాటలే మిషన్ దగ్గర కూనిరాగం తీసేవాడు. చరణాలు తప్పుగా పాడేవాడు. నేను సరిచేస్తే, "మీ దేవునికి రాగం తెల్వదా? అందుకుంటడు తీ," అనేవాడు.

ఒక వానాకాలం పొద్దున స్నానం చేసి వస్తూ అన్న పడిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. వరంగల్ దవాఖానలో ఉన్నన్నాళ్లు కళ్లు తెరవలేదు. చివరి రోజు పాస్టరయ్య వచ్చాడు. అన్న చెవి దగ్గర వంగి, నెమ్మదిగా, ప్రేమగానే చెప్పాడు: "మల్లేశం, నీకు వినబడుతుంటే ప్రభువును మనసులో ఒప్పుకో, చాలు. చెయ్యి ఒక్కసారి కదిలించు."

ఆ చేయి అమ్మ చేతిలో ఉంది. అమ్మ దాన్నే చూస్తోంది. నేనూ దాన్నే చూస్తున్నాను. అది కదలలేదు. సాయంత్రానికి చల్లబడింది. అమ్మ వదలకుండా రుద్దుతూనే కూర్చుంది.

విశ్వాసి కుటుంబంలో చావు వస్తే మాకు ఓదార్పు ఉంటుంది. మళ్లీ కలుస్తాం అని పాడుకుంటాం. అన్న విషయంలో ఆ పాట నా గొంతులోకి రాలేదు. మనిషి పోయిన బాధ ఒకటి. ఎటు పోయాడో తెలియని బాధ వేరు. పాస్టరయ్యను అడిగితే, "తీర్పు దేవునిది, నీది కాదు. నెమ్మదిగా ఉండు," అన్నాడు. ఆ మాట నిజమని నాకు తెలుసు. నెమ్మది మాత్రం రాలేదు. డ్యూటీ దిగే వేళ అన్న వస్తున్నాడేమోనని గేటు వైపు చూసే అలవాటు పోలేదు. బెంచీ మీద ఆయన కూర్చునే కొసను ఖాళీగా వదిలేవాణ్ణి. ఎవరన్నా తెలియక అక్కడ కూర్చుంటే లేపేవాణ్ణి కాదు కానీ, వాళ్లు లేచేదాకా నేను నిలబడే ఉండేవాణ్ణి.

అన్న పోయిన మరుసటి వానాకాలం భూపాలపల్లి నుంచి ఒక పెద్ద ఇరుసు వచ్చింది. శనివారం పగటిపూట పెద్ద కోతలన్నీ అయిపోయాయి. చివరి కోత సోమవారం వేద్దామని, తుప్పు పట్టకుండా నూనె పూసి, మిషన్ మీదే ఉంచి, తాడిపత్రి పట్టా కప్పి, కరెంటు మెయిన్ బంద్ చేసి వెళ్లాం.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ బయటికి వచ్చారు. నాకు రావాలనిపించలేదు. తలుపులోంచి ఎదురుగా చాయ్ హోటల్ కనిపిస్తోంది. అన్న కూర్చునే కుర్చీలో ఎవరో పేపరు చదువుతున్నారు. అప్పుడు నేను అడగకూడనిది అడిగాను. అన్నను కాదు, దేవుణ్ణే అడిగాను. నీ దగ్గర ఉన్నాడా, అది ఒక్కటి తెలియజేయి అన్నాను. తర్వాత భయమేసి క్షమించమన్నాను. ఆ ప్రార్థన సంగతి ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా.

ఆ రాత్రంతా వాన. సోమవారం నేను బట్టలు మార్చుకుంటుంటే సోమ్లన్న పిలిచాడు. సోమ్లా నాయక్‌ది మహబూబాబాద్ దగ్గర తండా. మా షెడ్డులో క్రేను నడిపేది ఆయనే. అన్నకు జోడీ. నేను సంఘంలో తిరుగుతానని నన్ను పాస్టరూ అని వెక్కిరిస్తాడు.

"ఓ పాస్టరూ, జర ఇటు రా. దీనికింకా జొరం తగ్గలే."

"శనివారం ఆపినమే అన్నా. ఇంకేం జొరం?"

"నాకేం తెల్సు? చెయ్యి పెట్టి సూడు."

తాడిపత్రి ఆయనే తీశాడు. వానకు గాలి తడిగా ఉంది. అట్లాంటి పొద్దున చల్లటి ఇనుముకు చెమట పడుతుంది. మాకు అది మామూలే. ఇరుసంతా నూనె మీద సన్నటి నీటి బొట్లు. బేరింగు కూర్చునే చోట మాత్రం కొంత మేర పొడిగా ఉంది. అరచేయంత మేర.

నేను ఈ చివర చేయి పెట్టాను. చల్లగా ఉంది. ఆ చివర చల్లగా ఉంది. పొడిగా ఉన్నచోట పెట్టాను. వేడి కాదు. కాలలేదు. బతికి ఉన్న మనిషి ఒంటి వెచ్చదనం.

చేయి తీశాను. మళ్లీ పెట్టాను.

నాకు తోచిన కారణాలన్నీ అప్పుడే చూశాను. మెయిన్ బంద్‌లోనే ఉంది. మిషన్ తిరగలేదు. పైన వెలుతురు కోసం వేసిన ప్లాస్టిక్ రేకు ఉంది కానీ ఎండ అటువైపు పడదు, పైగా ఆ పొద్దున మబ్బు. దగ్గర్లో దీపం లేదు, వెల్డింగ్ లేదు. షెడ్డు తాళం సోమ్లన్న, నేను కలిసే తీశాం. మాకంటే ముందు ఎవరన్నా చేయి పెట్టి తీశారేమో అంటారా, అంత ఇనుము మనిషి చేతి వేడిని పెట్టగానే మింగేస్తుంది, నిలవనివ్వదు. కోత వేడి మిగిలిందేమో అంటే, ఒకటిన్నర రోజు దాటింది. మిగిలితే అంతటా మిగలాలి కానీ ఒక్క చోటనే ఎందుకు?

నా చేతిని నేను నమ్మలేదు. మైక్రోమీటరు తెచ్చి కొలిచాను. ఆ చోట పక్కదానికంటే కాస్త ఎక్కువ చూపించింది. వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. కానీ అదే కోత, అదే టూలు, ఎక్కువ ఉండటానికి వీల్లేదు. వెచ్చగా ఉండి ఉబ్బితే తప్ప. సోమ్లన్నకు ఇచ్చి చూడమన్నాను. ఆయనకూ అంతే వచ్చింది.

సోమ్లన్న తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మీ అన్న చెయ్యిరా గిది," అన్నాడు.

"అట్ల అనకన్నా. మా వాక్యం ఒప్పుకోదు."

"ఒప్పకుంటే ఒప్పకపాయె. మంచిగ సూడు. ఏళ్లు సూడు."

నేను చూడలేదు. ఇది నిజంగా చెప్తున్నాను. పొడిగా ఉన్నచోటు అరచేయంత ఉంది, అంతవరకే నేను సాక్ష్యం చెప్పగలను. పైన వేళ్ల జాడ ఉందా, ఉంటే అందులో ఒకటి పొట్టిగా ఉందా అన్నది నేను చూసుకోలేదు. చూస్తే ఏదో ఒకటి తేలిపోతుంది. అప్పుడు తేలడం నాకు ఇష్టం లేదు. సోమ్లన్న చూశాడు. ఈనాటికీ ఆయన మాట మార్చలేదు.

చల్లారకుండా కోత వేయకూడదు. అది అన్న పెట్టిన నియమం. బెంచీ మీద కూర్చోబుద్ధి కాక, ఇరుసు పక్కనే నిలబడి ఆ చోట నా చేయి ఉంచాను. ప్రార్థన చేద్దామనుకున్నాను.  దవాఖానలో అన్న చేయిని అమ్మ రుద్దడమే గుర్తొచ్చింది. కొంతసేపటికి ఆ వెచ్చదనం ఇనుముదో నా చేతిదో నాకే తెలియకుండా పోయింది. చేయి తీసి చూస్తే చుట్టూ ఉన్న తడి దాని మీదికి కూడా మెల్లగా పాకుతోంది. మధ్యాహ్నం కొలిస్తే అంతటా ఒకే సైజు.

ఇక చివరి కోత వేయాలి. వేస్తే ఆ పొర పోతుంది. బటన్ మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. ఓనరు వచ్చి అడిగాడు, ఏమైందని. సోమ్లన్నే అడ్డం వచ్చి, "జొరం సార్. ఇప్పుడే తగ్గింది," అన్నాడు.

బటన్ నొక్కాను. టూలు ఆ చోటి మీదుగా వెళ్లింది. సన్నటి ఇనుప చుట్ట రాలింది. సోమ్లన్న దాన్ని తీసి నాకు ఇవ్వబోయాడు. తీసుకోలేదు. మా సంఘంలో అట్లాంటివి దాచుకోం. మిగతా వాటితో కలిపి తొట్టిలో వేశాను. 

పాస్టరయ్యకు అంతా చెప్పాను, ఆదివారం నేను అడిగిన దానితో సహా.  ఇది దేవుని నుంచి అని నేను అనలేను, కాదు అని కూడా అనలేను అన్నాడాయన. నన్ను తిట్టలేదు. ఇంకెప్పుడూ అట్లా అడగొద్దన్నాడు. మళ్లీ అడగలేదు.

అమ్మకు చెప్పాలా వద్దా అని కొన్నాళ్లు చూశాను. చివరికి ఒకరోజు అన్నం తింటూ చెప్పేశాను. ఇరుసు గురించి, తడి గురించి, కొలతల గురించి. అమ్మ వాటిల్లో ఒక్కటీ అడగలేదు.

"సల్లగుండెనా, ఎచ్చగుండెనా?" అంది.

"ఎచ్చగనే ఉండెనమ్మా."

"మంచిగ సూసినవా?"

"సూసిన."

అమ్మ నా కంచంలో ఇంకొంచెం కూర వేసింది. "సాలు బిడ్డా," అంది. ఆ తర్వాత ఆమె నోట ఈ సంగతి మళ్లీ రాలేదు. కానీ ఆ వారం చర్చిలో, మళ్లీ కలుస్తాం అనే పాటకు అమ్మ గొంతు అందరికంటే ముందు లేచింది. అన్న పోయాక ఆమె ఆ పాట పాడటం అదే మొదలు. నేను కూడా పాడాను. ఒక చరణం తప్పుగా వచ్చింది, అన్న పాడినట్టు. సరిచేసుకోలేదు.

ఆ ఇరుసు భూపాలపల్లి వెళ్లిపోయింది. ఒకసారి అటు బంధువుల ఇంటికి పోతూ, బస్సు కిటికీలోంచి దూరంగా బొగ్గు బెల్టులు తిరగడం చూశాను. ఆ ఇరుసు వాటిల్లో దేని కింద ఉందో తెలియదు.

ఆ పొద్దున ఏం జరిగిందో నేను చెప్పలేను. పనివాడిగా చెప్పలేను, విశ్వాసిగా కూడా చెప్పలేను. ఆ తర్వాత ఎన్నో జాబులు వచ్చాయి. చివరి కోతకు ముందు ప్రతిదాని మీదా చేయి పెడతాను. ఈ చివర, ఆ చివర, నడుమ. చల్లగానే ఉంటుంది. అట్లా ఉండాలనే కదా నియమం. అయినా చేయి వెంటనే తీయను.