అక్క గేటు దగ్గర మరిగే కారు

కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రికి ఊళ్ళో ఒక పేరుంది. ఎంత పాత మిషనైనా "పారేయండి" అనడు. ముప్పై ఏళ్ళుగా ఇంటింటికీ తిరిగి, తుప్పు పట్టినవాటికి నూనె పోసి, విరిగినవాటికి అతుకు వేసి, "ఇంకో పదేళ్ళు ఢోకా లేదమ్మా" అని చెప్పి వస్తాడు. అలాంటి మనిషి తన కారు దగ్గరికి వచ్చేసరికి ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టు నిలబడిపోయాడు.

నిలబడింది మెకానిక్ షెడ్డులో. కారు కింద నుంచి బయటికొచ్చిన మెకానిక్ చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఇంజన్ బ్లాకే పగిలింది మేస్త్రిగారూ. ఇన్నాళ్ళూ నీళ్ళు పోతున్నది అక్కణ్ణించే. పగులుకు అతుకు వేయొచ్చు, లేదంటే మొత్తం బ్లాకే మార్చేయొచ్చు."

"మారిస్తే?"

"ఒక్క చుక్క కారితే నన్నడగండి."

మేస్త్రి మొహం వాడిపోయింది. "ఒక్క చుక్క కూడానా?"

"ఒట్టు."

"మరి అతుకు వేస్తే?"

"నమ్మకంగా చెప్పలేను. ఆరు నెలలు ఆగొచ్చు."

"ఆ తర్వాత కారుతుందంటావా?"

ఆ గొంతులో ఆశ విని మెకానిక్ అతన్ని ఎగాదిగా చూశాడు. కారడం ఎప్పుడు ఆగుతుందని అడిగేవాళ్ళే గానీ, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందని అడిగినవాడు ఇంతవరకు అతనికి తగల్లేదు. "ఏదో ఒకటి త్వరగా తేల్చండి. నీళ్ళు ఆయిల్లో కలిశాయంటే ఇంజనే పట్టేస్తుంది. నెల్లాళ్ళు కూడా ఆగదు" అన్నాడు.

ఇందులో తిరకాసల్లా అక్క.

మేస్త్రికి ఒక్కగానొక్క అక్క. ఆరేళ్ళ క్రితం ఆవిడ కారు నేర్చుకుంటానని సరదాపడితే ఈ కారులోనే తమ్ముడు నేర్పాడు. మూడో రోజున తిన్నగా తీసుకెళ్ళి తన ఇంటి గేటు స్తంభానికే గుద్దింది. బ్రేకు పట్టలేదని ఆవిడ, బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కావని తమ్ముడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. వీధంతా చూస్తుండగా, "నీకు నేర్పేకంటే ఆ స్తంభానికి నేర్పడం తేలిక, అదైనా చెప్పినచోట నిలబడుతుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం కదా! ఆ రోజు నుంచి అక్క తమ్ముడితో మాట మానేసింది. స్తంభం ఈనాటికీ ఒక పక్కకు వాలే ఉంది. బాగుచేయించమంటే, సాక్ష్యం ఉండాలంటుంది.

రెండేళ్ళ క్రితం ఈ నీళ్ళ తంటా మొదలైంది. దర్జీల వీధికి పోతూ, ఎత్తు ఎక్కి, సరిగ్గా అక్క గేటు ముందుకు వచ్చేసరికి ఇంజన్ మరిగింది. ఇంతకంటే చావు నయమనుకున్నాడు మేస్త్రి. కానీ అక్క బకెట్‌తో నీళ్ళు తెచ్చింది. తెచ్చి, తమ్ముడి వంక చూడకుండా కారుతో మాట్లాడింది.

"సిగ్గులేనిదానా, మళ్ళీ వచ్చావా నా గేటు మీదికి?"

మరిగిన ఇంజన్లో వెంటనే నీళ్ళు పోయకూడదు, చల్లారాలి. ఆ అరగంటా అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఆవిడ కారును తిడుతుంది, తమ్ముడు కారుకే జవాబు చెబుతాడు. వారానికి నాలుగు రోజులు ఇదే వరస. ఆవిడ మోకాళ్ళ నొప్పి సంగతి అతనికి, అతని షుగరు సంగతి ఆవిడకి తెలిసింది ఇలాగే. "కొంతమంది మాత్రలు మానేశారట, బుద్ధి చెప్పవే డొక్కుదానా" అని ఆవిడ టైరును తన్నిన రోజున మేస్త్రి ఇంటికి పోగానే మాత్ర వేసుకుంటాడు. ఆ అరగంట లేకపోతే అతనికి తోచదు.

బ్లాకు సంగతి విని భార్య, "మార్చేయండి" అంది. "అక్కతో మాట్లాడ్డానికి కారుకు చిల్లి ఉండాలా? మీకు నోరు లేదూ?"

"ఆ నోటితోనేగా చెడింది."

మర్నాడు గేటు ముందు, ఆవిర్ల మధ్య, మేస్త్రి గొంతు సవరించుకుని బానెట్‌తో అన్నాడు. "ఇదిగో, నీ బ్లాకు పగిలిందట. అతుకో, మార్పో తేల్చమంటున్నాడు."

అక్క బకెట్ కింద పెట్టింది. ఆవిరి తగ్గేదాకా బానెట్ వంకే చూసింది.

"మార్చమను" అంది చివరికి, కారుతోనే. "అతుకులూ గితుకులూ వద్దు. దిక్కులేని చోట ఆగిపోతే నీకు నీళ్ళెవరు పోస్తారు? ఒక్క చుక్క కారడానికి వీల్లేదు."

మేస్త్రి ప్రాణం ఉసూరుమంది. పీడ విరగడైతే చాలనుకుంటోంది కాబోలు అని రోషం కూడా వచ్చింది. తిన్నగా షెడ్డుకు పోయి "మార్చేయ్" అన్నాడు.

పది రోజులు పట్టింది. వేరే బ్లాకు వెతకాలి, ఇంజనంతా విప్పాలి, కొత్త బ్లాకు మీద నంబరు వేరు కాబట్టి కాగితాలు మార్పించాలి. అన్నాళ్ళూ మేస్త్రి పనిముట్ల సంచీతో బస్సుల్లో తిరిగాడు. ఆ ఎత్తు మీదికి బస్సు పోదు.

పదకొండో రోజు కారెక్కాడు. ఎత్తు ఎక్కుతున్నా వేడి చూపించే ముల్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. "కొంచెం కదలవే తల్లీ" అని బతిమాలాడు. కదల్లేదు. అంతలో వాలిన స్తంభం కనిపించింది, దాని పక్కన అక్క, అక్క కాళ్ళ దగ్గర నిండు బకెట్. నీళ్ళ మీద రెండు ఎండుటాకులు తేలుతున్నాయి.

ఆగడానికి సాకు లేదు. దాటి పోయాడు. ఇరవై గజాలు పోయాక ఇక ఉండబట్టలేక, రివర్స్ గేరు వేసి గబగబా వెనక్కి వచ్చాడు. ఆ కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. ఆరేళ్ళుగా వాలి ఉన్న సాక్ష్యం దబ్బున నేల కూలింది.

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. మేస్త్రి దిగాడు. తల వంచుకుని, ఈసారి కారుతో కాదు, అక్కతోనే అన్నాడు.

"దీని బ్రేకు పట్టదక్కా. నువ్వు అప్పుడే చెప్పావు."

అక్క కారు చుట్టూ ఒకసారి తిరిగింది. కింద నేల పొడిగా ఉంది. బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. ఆవిరి లేదు, పొగ లేదు, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, అంతే. చెయ్యి తీసి, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి తమ్ముడి మొహంలోకి చూసింది.

"కాలిపోతోందిరా ఇది. చల్లారేసరికి చాలాసేపు పడుతుంది. లోపలికొచ్చి కూర్చో."