కొత్త పేజీలో సుజాతక్క అక్షరాలు

మా పుట్టింటివాళ్లకు అచ్చంపేట పక్కన గొర్రెల మంద ఉండేది. చిన్నప్పుడు అడవి అంచున ఆ మంద దగ్గరే పడుకునేదాన్ని. దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. అవి ఉన్నాయని ఇప్పటికీ అనను. మా దుకాణంలో జరిగింది మాత్రం చెబుతాను.

తొంభైల్లో మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ నేర్చుకున్నాక నల్లగొండలో ఉండే యాదగిరితో నా పెళ్లయింది. ఆయనకు అది రెండో పెళ్లి. మొదటి భార్య సుజాత కామెర్లతో చనిపోయింది. కోర్టు దగ్గర వాళ్లకు జిరాక్సు, కంప్యూటర్ టైపింగు దుకాణం ఉండేది. జిరాక్సు ఆయన చూస్తే, కంప్యూటర్ ఆమె చూసేదట. ఆయనకు మౌస్ పట్టుకోవడం కూడా రాదు. ఆమె కుర్చీలోకి నేను వచ్చాను.

ఆ కంప్యూటర్‌లో కొత్త పేజీ తెరిస్తే ఆమె పెట్టిన తీరే వచ్చేది. పెద్ద అక్షరాలు, వరుసల మధ్య బాగా ఖాళీ, ఎడమవైపు వెడల్పాటి మార్జిన్, పైన నడిమధ్యలో లావుపాటి శీర్షిక.

దరఖాస్తులు టైపు చేయించుకునేవాళ్లు కాగితం చూసి, "అచ్చం సుజాతమ్మ చేసినట్టే ఉన్నది" అనేవారు. కష్టం నాది, పేరు ఆమెది. కడుపు మండేది. చనిపోయిన మనిషి మీద ఈ కుళ్లేమిటని నాకు నేనే చెప్పుకునేదాన్ని. వినేదెవరు?

ఒకరోజు అదంతా మార్చేశాను. అక్షరాలు చిన్నవి చేసి, వరుసలు దగ్గరికి జరిపి, శీర్షికను ఎడమకు తెచ్చి, ఇకమీదట ప్రతి కొత్త పేజీ ఇలాగే రావాలని టెంప్లేటులో సేవ్ చేశాను. మూసి మళ్లీ తెరిచాను. నాదే వచ్చింది. ఆ రోజంతా హుషారుగా పనిచేశాను.

తెల్లారి దుకాణం తెరిస్తే మళ్లీ ఆమెదే.

మళ్లీ మార్చాను. మర్నాడు మళ్లీ అంతే. తాళంచెవి నా దగ్గరే ఉండేది, అయినా అనుమానం ఆయన మీదికే పోయింది.

"ఆమెను మరవలేక నువ్వే ఎవరితోనన్న మార్పిస్తున్నవ్" అని గొడవకు దిగాను.

ఆయన జిరాక్సు మిషను మూత దించారు. తర్వాత, "ఉంటే ఉండనియ్యరాదు. గా అక్షరాలు నిన్నేం జేస్తున్నయ్?" అన్నారు.

ఆ మాటతో నాకు ఇంకా మండింది.

కంప్యూటర్లు బాగుచేసే రఫీక్ భాయిని పిలిపించాను. ఉన్నదంతా తుడిచేసి, సాఫ్ట్‌వేర్ మొదటినుంచి ఎక్కించాడు. "ఇగ ఫికర్ లేదు చెల్లె, పాతది ఒక్క ముక్క లేదు" అన్నాడు. అతను బయట బండి తీస్తుండగా కొత్త పేజీ తెరిచాను. పెద్ద అక్షరాలు, వెడల్పాటి మార్జిన్. వెనక్కి పిలిచాను. చూసి, మూసి మళ్లీ తెరిచాడు. అదే వచ్చింది. "నాకు సమజైతలేదు" అని మాత్రం అని వెళ్లిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. దుకాణంలో ఎవరూ లేరు. తెరవైపు చూసి పైకే అన్నాను.

"అక్కా, ఇల్లు నీదే, మొగడు నీ మొగడే, గీ కుర్చీ గూడ నీదే. మరి నేను యాడ బతకాలె? నాకు జర జాగా ఇయ్యి."

ఏమీ జరగలేదు. కంప్యూటర్ ఆపేసి ఇంటికెళ్లాను.

మర్నాడు కొత్త పేజీ తెరిచాను. పైన నడిమధ్యలో ఆమె లావుపాటి శీర్షిక. దాని కింద నా చిన్న అక్షరాలు, నా దగ్గరి వరుసలు. అలా రెండూ కలిపి నేనెప్పుడూ పెట్టలేదు. పైగా, రఫీక్ భాయి తుడిచేశాక నా పద్ధతి అందులో నేనింకా పెట్టనే లేదు.

ఆ కంప్యూటర్ పాడయ్యేదాకా పేజీ అలాగే వచ్చింది. ఎలా వచ్చిందో ఇప్పటికీ నేను చెప్పలేను.

కానీ నన్ను తొలిచేది అది కాదు. ఆ ఉదయం మొదటి కాగితం ప్రింటు తీయగానే మా ఆయన వచ్చి చేతిలోకి తీసుకున్నారు. శీర్షికను వేలితో మెల్లగా నిమిరారు.

"ఇప్పుడు మంచిగున్నది" అన్నారు.

ఎవరితో అన్నారో నేను అడగలేదు.