మ్యాట్నీలో నవ్వినందుకు

సినిమా చూసి నవ్వినందుకు నన్ను ఠాణాకు పట్టుకుపోయారు. అప్పుడు నక్సలైట్ల కాలం. కరెంటు పోయి సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగితే నేత కార్మికులమంతా జనరేటరుతో నడిచే హాలుకు మ్యాట్నీకి పోయేవాళ్లం. ఆ రోజు ఆడింది పాత నవ్వుల సినిమా, హత్య కథ. శవాన్నే గద్దించి "నిన్ను చంపిందెవడు?" అని అడిగే పోలీసును చూసి హాలంతా నవ్వింది. వెనక వరుసలోని ఎస్సై లేచి లైట్లు వేయించాడు.

"ఎవడ్రా నవ్వింది?"

అందరూ తలలు దించుకుంటే నేను లేచాను.

"నేనే సార్. నవ్వొచ్చింది, నవ్విన."

నిరుడు అదే సినిమా టీవీలో వస్తే అక్కడే మరింత గట్టిగా నవ్వాను. మొన్న జగిత్యాల బస్టాండులో, రిటైరైన ఆ ఎస్సై కనబడ్డాడు. ఇన్నేళ్లుగా దాచుకున్న మాట అడిగేశాను.

"గా దినం మ్యాట్నీల నవ్వినందుకు ఠాణాకు పట్టుకపోతిరి. నేను చేసిన తప్పేంది సార్?"

"తప్పేం లేదు పెద్దమనిషి. నాక్కూడ నవ్వొచ్చింది. పక్కన మా సర్కిల్ సార్ కూసున్నడు. ఆయన నవ్వలే."